మంగళవారం బయలుదేరిన ఓడ

బంగాళాఖాతంలో వాయుగుండం అని టీవీలో చెప్పగానే మీకు ముందు కలిగేది భయమా, సంతోషమా? నిజం చెప్పండి. మీది సముద్రపు ఒడ్డు ఊరైతే భయం అంటారు. మీది కడప జిల్లానో కర్నూలు జిల్లానో అయితే నాలాగే ముందు ఆకాశం వైపు చూస్తారు. చెరువు ఈసారైనా నిండుతుందా అని పక్కింటాయన్ను అడుగుతారు. మనకు సముద్రం కనిపించదు. అది పంపే వాన ఒక్కటే కనిపిస్తుంది.

ఆ సంతోషంలో తప్పు లేదు. ఎండిన నేల మీద బతికేవాడి సంతోషం అది. కానీ దాన్ని వెంటబెట్టుకొని ఓడ ఎక్కితే ఏమవుతుందో నేను చూశాను. ఎక్కించిందే నేను.

ప్రొద్దుటూరులో ఒక యాత్రల కంపెనీలో ముప్పై ఏళ్లకు పైగా టూర్ మేనేజరుగా పనిచేసి మానుకున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు "మీ అనుభవం చెప్పండి సార్" అని అడుగుతుంటారు. అడిగేవాళ్లకు నేను చూసిన ఊళ్ల పేర్లు కావాలి. ఊళ్లు మీరూ చూస్తారు. నేను చేసిన తప్పు మాత్రం మీరు చేయకూడదు. అందుకే ఇది రాస్తున్నాను.

అసలు పని

టూర్ మేనేజరు అంటే చిన్న జెండా పట్టుకొని ముందు నడిచేవాడు అనుకుంటారు. జెండా ఎవరైనా పడతారు. నలభై మందిని ఇళ్లలోంచి తీసుకెళ్లి, నలభై మందినీ ఇళ్లకు చేర్చడం ఈ పని. మధ్యలో చూపించే గుళ్లు, కోటలు, జలపాతాలు దాని మీద కొసరు.

నేను దేవుణ్ణి నమ్మను. ఇరవయ్యో ఏట నుంచి హేతువాద సభల్లో పెరిగినవాణ్ణి. దయ్యం లేదని శ్మశానంలో అన్నం వండుకొని తిన్న గుంపులో నేనొకణ్ణి. "దేవుణ్ణి నమ్మనోడివి, జనాన్ని కాశీకి ఎట్ల తీస్కపోతావప్పా?" అని ఊళ్లో వెక్కిరించేవాళ్లు. వంటవాడికి ఆకలి ఉండాలని రూలుందా అని నేను జవాబిచ్చేవాణ్ణి. నా జవాబులకు జనం నవ్వేవాళ్లు. ఆ నవ్వుకు నేను అలవాటు పడ్డాను. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు దీని ఖరీదు తెలుస్తుంది.

ఒకసారి శ్రీశైలానికి బస్సు తీసుకెళ్తున్నాం. దోర్నాల చేరేసరికి వాన పట్టుకుంది. ఘాట్ మీద రాళ్లు జారుతున్నాయని ఎదురొచ్చిన లారీ డ్రైవరు చెప్పాడు. నేను బస్సు వెనక్కి తిప్పించాను. ఆ రోజు ఘాట్ ఎక్కిన బస్సులన్నీ క్షేమంగా దిగాయి. మావాళ్లకు మాత్రం దర్శనం పోయింది. ఆ తర్వాత ఏడాది పాటు నాకు "పిరికి సారు" అని పేరు. మా యజమాని శేషయ్య కూడా నలుగురిలో ఆ పేరుతోనే పిలిచేవాడు. నేను చేసింది సరైన పనే. కానీ వెనక్కి తిరిగినవాడికి ఎవరూ మొక్కరు. జరగని ప్రమాదానికి సాక్ష్యం ఉండదు. ఈ ఉద్యోగంలో ఉన్న క్రూరత్వం ఇదే. ఇది భరించలేనివాళ్లు వేరే పని చూసుకోవడం మంచిది.

నేను భరించలేకపోయాను. మళ్లీ ఎవరూ ఆ పేరుతో పిలవకూడదని మనసులో పెట్టుకున్నాను.

ఫ్లాస్కు టీ, ముప్పై ఎనిమిది ఫారాలు

శేషయ్య చెడ్డవాడు కాదు. మా అమ్మ పోయినప్పుడు నాకంటే ముందు శ్మశానానికి చేరినవాడు. కాని పని విషయంలో ఆయనకు ఒకటే సూత్రం. "ఫారం అనేది ఆపీసోళ్ల తృప్తికి. మనిషి మన తృప్తికి. రెండూ కలపొద్దు."

చెన్నై నుంచి విహార నౌకలు బయలుదేరడం మొదలయ్యాక మేమూ ఆ యాత్ర పెట్టాం. మంగళవారం సాయంత్రం ఓడ కదులుతుంది. రెండు రోజులు సముద్రంలో తిరిగి, దారిలో పుదుచ్చేరి చూపించి, శుక్రవారం పొద్దున మళ్లీ చెన్నైలో దింపుతుంది. ఓడ కంపెనీ ప్రతి ప్రయాణికుడికీ ఒక ఫారం ఇస్తుంది. అందులో గుండె జబ్బుందా, ఊపిరి జబ్బుందా, మూత్రపిండాల జబ్బుందా, క్రమం తప్పకుండా తీసుకోవలసిన చికిత్స ఏదైనా ఉందా అని అడుగుతారు.

మా కంపెనీలోనే కాదు, నాకు తెలిసిన చిన్న కంపెనీలన్నిటిలోనూ ఒక పద్ధతి ఉండేది. ప్రయాణికులు పేరు రాయించుకోవడానికి వచ్చినప్పుడే ఖాళీ ఫారం మీద సంతకం పెట్టించుకునేవాళ్లం. తర్వాత ఒకరోజు ఫ్లాస్కు నిండా టీ తెప్పించుకొని, నేను కూర్చొని అన్నీ నింపేవాణ్ణి. ఆరోగ్యం గడులన్నిటిలోనూ "లేదు". ఒక మనిషికి ఒకటిన్నర నిమిషం. ఇప్పుడు చెప్పబోయే యాత్రలో ముప్పై ఎనిమిది మంది. టీ చల్లారకముందే అందరినీ ఆరోగ్యవంతులను చేసేశాను.

ఏ బాబా అయినా ఇంత త్వరగా రోగాలు నయం చేశానని చెప్పి ఉంటే, నేను సభ పెట్టి వాడి గడ్డం పట్టుకొని నిలదీసేవాణ్ణి.

మంగళవారం మీద నా ఉపన్యాసం

ఆ ఏడు కార్తీకంలో ఓడ యాత్ర. బయలుదేరడానికి నాలుగు రోజుల ముందు అందర్నీ మా ఆఫీసుకు పిలిచి వివరాలు చెప్పాను. ఎక్కువమంది చెన్నూరు, మైదుకూరు వైపు రైతులు, మగ్గం పనివాళ్లు. రైతులకు పెద్దదిక్కు పుల్లయ్య, అరవై దాటిన మనిషి, గొంతు పెద్దది. మగ్గం వాళ్లలో సుబ్బరాయుడు, ఆయన భార్య లక్ష్మమ్మ. సుబ్బరాయుడికి యాభై ఏడో ఎనిమిదో ఉంటాయి. సన్నటి మనిషి. ఉక్కపోతగా ఉన్నా మణికట్టు దాకా చేతులున్న చొక్కా వేసుకొని వచ్చాడు. నేను గమనించాను. కారణం ఆలోచించలేదు.

ఆ పొద్దున్నే వార్తల్లో అండమాన్ వైపు అల్పపీడనం అని చెప్పారు. నేను విన్నాను. పుల్లయ్య కూడా విన్నాడు.

"సారూ, వాన వస్తాదంట గదా?" అన్నాడు.

"వస్తే మీకే మంచిది" అన్నాను.

"మాకు మంచిదే. ఈ మగ్గమోళ్లకే దిగులు, గుంతలోకి నీళ్లు వస్తాయని" అని ఆయన సుబ్బరాయుడి భుజం తట్టాడు. గుంట మగ్గం ఇంటి నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టి నేసేది. వాన ఎక్కువైతే ఆ గుంతలో నీరు ఊరుతుంది. అందరూ నవ్వారు. సుబ్బరాయుడూ నవ్వాడు.

అప్పుడు లక్ష్మమ్మ లేచింది. "అన్నా, మంగళవారం పయనం వద్దన్నా. ఇంగో వారం చూడన్నా. లేదంటే మా ఇద్దరి పేర్లూ తీసెయ్."

సుబ్బరాయుడు ఆమె వైపు కోపంగా చూశాడు. నేను ఆ చూపునూ గమనించాను. దాన్ని భార్య చాదస్తానికి సిగ్గుపడే మొగుడి చూపు అనుకున్నాను. నాకు కావలసిందల్లా మంగళవారం. అది దొరికింది.

ఇంక ఆగలేదు. మంగళవారం రైళ్లు నడవవా అన్నాను. మంగళవారం పుట్టినవాళ్లంతా చచ్చారా అన్నాను. అమెరికాలో మంగళవారం మొదలయ్యేటప్పటికి మనకు మంగళవారం సగం అయిపోతుంది, మరి ఆ గ్రహం ఏ ఊరి గడియారం చూసుకొని మనుషులను పట్టుకుంటుంది అన్నాను. జనం పగలబడి నవ్వారు. పుల్లయ్య చప్పట్లు కొట్టి, "ఏమ్మా, సారుతో వాదం పెట్టుకుంటావా? గండికోట లోయ అంచున కాళ్లు యాలాడేసి కూచున్నోళ్లం మనం, మంగళవారానికి బయపడతామా?" అన్నాడు.

లక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కూర్చుంది. 

నేను గెలిచాను. నా వాదంలో ఒక్క అక్షరం తప్పు లేదు. ఈ రోజుకీ అందులో ఒక్క మాట వెనక్కి తీసుకోను. కాని ఆమెను "ఎందుకమ్మా?" అని ఒక్కసారి, ఒక పక్కకు పిలిచి, అడగలేదు.

ఓడలో చప్పట్లు

మంగళవారం సాయంత్రం ఓడ కదిలింది. బుధవారం సముద్రం మెత్తగా ఉంది. మావాళ్లు పైడెక్కు మీద నిలబడి నీళ్లను చూసి చూసి అలిసిపోయారు. సుబ్బరాయుడు రెయిలింగు దగ్గర కుర్చీ వేసుకొని రోజంతా కదల్లేదు. భోజనాల హాల్లో ఎన్నో రకాల పండ్లు, రసాలు. ఆయన ఏదీ ముట్టుకోలేదు. లక్ష్మమ్మ చిన్న గిన్నెలో కొలిచినట్టు అన్నం పెట్టి, దాహమంటే రెండు గుక్కలు నీళ్లిచ్చేది. కార్తీక నియమం కాబోలు అనుకొని నాలో నేను నవ్వుకున్నాను.

గురువారం పొద్దున్నుంచే ఓడ ఊగడం మొదలైంది. ఈత కొలనులో నీళ్లు తీసేసి పైన వల కట్టారు. మెట్ల దగ్గర పట్టుకోవడానికి తాళ్లు బిగించారు. మధ్యాహ్నం భోజనాలప్పుడు కెప్టెన్ మైకులో మాట్లాడాడు. వాయుగుండం తుపానుగా మారింది, మన తీరం వైపే వస్తోంది, పుదుచ్చేరిలో ఆగడం లేదు, చెన్నై రేవు మూసేస్తున్నారు, ఓడ తుపానుకు దూరంగా నడిసముద్రంలోకి వెళ్తుంది, చెన్నై చేరేది ఆదివారం. ఓడకు ప్రమాదం లేదు. ఇదీ సారాంశం.

నేను తెలుగులో చెప్పాను. పుల్లయ్య అడిగాడు.

"తుపాను మనవైపు, అంటే కడప వైపే పోతాదా సారూ?"

"అట్లే ఉంది."

"అబ్బా! ఇంగ చెరువు నిండినట్లే!" అని చప్పట్లు కొట్టాడు. మా రైతులంతా కొట్టారు. పక్క బల్లల మీద వేరే రాష్ట్రాల వాళ్లు కొందరు ఏడుపు ముఖాలతో ఉన్నారు. వీళ్లకేమైనా పిచ్చా అన్నట్టు చూశారు. మా రైతుల్లో ఒకాయన ఫోనులో ఇంటికి అరుస్తున్నాడు. "వాన మొదలైందేమే? బోరు కాడ మోటరు పైకి తీయించినారా?"

సుబ్బరాయుడు ఒక్కడే చప్పట్లు కొట్టలేదు. వేళ్లు మడిచి ఏదో లెక్కపెట్టుకుంటున్నాడు.

"ఏం సుబ్బరాయా, మగ్గం గుంతలోకి నీళ్లు వచ్చినాయా అప్పుడే?" అన్నాడు పుల్లయ్య.

"వచ్చినాయిలే అన్నా" అన్నాడు సుబ్బరాయుడు. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది.

సాయంత్రానికి చప్పట్లు కొట్టినవాళ్లంతా వాంతులు చేసుకుంటున్నారు. పళ్లేలు బల్లల మీద నుంచి జారిపోతున్నాయి. నడవాలంటే గోడకు అతుక్కొని నడవాలి. ఓడ లేచినప్పుడు కడుపు కిందికి, ఓడ దిగినప్పుడు కడుపు గొంతులోకి. సముద్రం ఎరగని ఒళ్లు మావి. ఓడ డాక్టరు దాకా పోనివ్వకుండా మనవాళ్లను మనమే చూసుకోవాలన్నది శేషయ్య పద్ధతి. నా దగ్గర వాంతుల మాత్రలు, ఓఆర్ఎస్ పొట్లాలు, అరటిపండ్లు. గది గదికీ తిరిగి పంచాను. సుబ్బరాయుడి గదికి వెళ్లేసరికి లక్ష్మమ్మ బాత్రూములో ఉంది. ఆయనకు రెండు అరటిపండ్లు దగ్గరుండి తినిపించాను. మంచిపని చేశానని అనుకున్నాను.

గ్లాసు

శుక్రవారం పొద్దున ఎనిమిది గంటలకు మళ్లీ వెళ్లాను. మిగతావాళ్లు కొంత తేరుకున్నారు. సుబ్బరాయుడు మంచం మీద గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు. కాళ్లు వాచి ఉన్నాయి. పెదాలు ఎండిపోయాయి. నేను పెద్ద గ్లాసు నిండా ఓఆర్ఎస్ కలిపి నోటికి అందించాను. సగం తాగేలోపు లక్ష్మమ్మ వచ్చి గ్లాసు పట్టుకుంది.

"వద్దన్నా, ఆయనకు నీళ్లు వద్దు."

"ఏం, ఉపవాసమా?" అన్నాను.

"కాదన్నా. వద్దన్నా."

"లక్ష్మమ్మా, నీ నోములు నీ దగ్గర పెట్టుకో. వాంతులైన మనిషికి నీళ్లివ్వకపోతే చచ్చిపోతాడు. మీ మూఢనమ్మకాలకు ఇంకెంతమంది..." అంటూ గ్లాసు లాక్కోబోయాను.

ఆమె గ్లాసు నేలకేసి కొట్టింది. తర్వాత మొగుడి ఎడమచేతి చొక్కా మోచేయి పైదాకా లాగి నా ముఖం ముందు పెట్టింది. మణికట్టు నుంచి పైకి నరం తాడులా ఉబ్బి ఉంది. దాని పొడుగునా సూది గుర్తులు.

"చూడన్నా. ఇది చూడు. ఆయనకు డయాలసిస్. సోమారం, గురువారం. వారానికి రెండుతూర్లు. మొన్న సోమారం చేపించుకొని వచ్చినాం. శుక్రవారం సాయంత్రానికి ఇంటికి పోతాము గదా, ఒక దినం అటూ ఇటూ అయినా ఏం గాదు అన్నాడు. చెప్తే ఓడ ఎక్కనీరు అన్నాడు. ముప్పై ఏండ్ల నుంచి సముద్రం రంగు చీరలు నేస్తాండా, సముద్రమే చూడలేదు అన్నాడు. ఆదివారం దాకా ఒంట్లో నీళ్లు తీయకపోతే ఆయన యాడుంటాడన్నా? నిన్న నువ్వు పెట్టిన అరటిపండ్లు కూడా ఆయనకు విషమే."

సుబ్బరాయుడు కళ్లు మూసుకొని, "చెప్పొద్దంటి గదే" అన్నాడు. గొంతులో గాలి తక్కువగా ఉంది.

నేను చదువుకున్నవాణ్ణి. మూత్రపిండాలు పనిచేయనివాడికి తాగిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి చేరతాయని, అరటిపండులోని పొటాషియం గుండెను ఆపేయగలదని నాకు తెలుసు. ఒక వైజ్ఞానిక సభలో నేనే చెప్పాను. ఆ గదిలో శాస్త్రం ప్రకారం నడుచుకున్నది లక్ష్మమ్మ. గుడ్డిగా ప్రవర్తించింది నేను.

ఎనిమిది నుంచి పన్నెండు ముప్పావు

ఈ భాగం రాయడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఆ గది నుంచి డాక్టరు గది రెండు అంతస్తుల కింద. తాళ్లు పట్టుకొని దిగినా ఐదు నిమిషాలు. నేను అక్కడికి వెళ్లలేదు. ఓడ వైఫై అందే చోటికి వెళ్లి శేషయ్యకు ఫోను చేశాను.

"సార్, మన సుబ్బరాయుడు డయాలసిస్ పేషెంటంట."

"ఎవరు చెప్పినారు నీకు?"

"వాళ్లావిడ."

"ఇంగెవరికన్నా తెలుసునా?"

"లేదు సార్."

"అట్లయితే నీకూ తెలీదు. ఇను. ఫారం మీద ఆయన సంతకమే ఉండాది. దాచింది ఆయన. నువ్వు ఊరికే ఉండు, ఆదివారం దిగినాక చూసుకుందాం."

"ఆదివారానికి ఆయన ఉంటాడా సార్?"

"నువ్వేమన్నా డాక్టరువా? నోరు తెరిస్తే మొదట అడిగేది ఆ ఫారం గురించే. ఆ రాత ఎవురిది? నీది. కంపెనీ పోతాది, నువ్వు జైలుకు పోతావు. ఊరికే ఉండబ్బా."

ఊరికే ఉన్నాను. గంటకోసారి ఆ గది తలుపు దాకా వెళ్లి, లోపలికి పోకుండానే తిరిగి వచ్చాను. నాకు నేను చాలా చెప్పుకున్నాను. కొంతమంది వారం కూడా ఉంటారని చెప్పుకున్నాను. ఓడ డాక్టరు మాత్రం ఏం చేయగలదని చెప్పుకున్నాను. తుపాను కాస్త పక్కకు తిరిగితే రేవు రేపే తెరుస్తారని చెప్పుకున్నాను. ఆధారం లేకుండా మంచి జరుగుతుందని ఎదురుచూడటాన్ని ఏమంటారో నాకు తెలుసు. దాని మీద ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చానో లెక్కలేదు.

పన్నెండున్నరకు లక్ష్మమ్మ గోడలు పట్టుకుంటూ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. "అన్నా, పడుకుంటే ఊపిరి ఆడటంలా. కూచుంటే కూడా రొప్పుతాండాడు. నీకు చెప్పినాను గదన్నా. నాలుగు గంటలాయ. డాక్టరు యాడ?"

నేను డాక్టరును తీసుకొస్తానని ఆమె ఇంతసేపూ కాచుకొని ఉంది. ఆ ఓడలో ఆమె భాష తెలిసి, ఆమె తరఫున మాట్లాడగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

అప్పుడు దిగాను. ఓడ డాక్టరు మలయాళీ ఆమె, నలభై ఏళ్లుంటాయి. ఆమె ముందు ఏదీ దాచలేదు. డయాలసిస్ సంగతి, అరటిపండ్లు, ఓఆర్ఎస్, ఫారం మీద ఉన్న "లేదు" నా చేతి రాత అన్న సంగతి, అన్నీ వరుసగా చెప్పాను.

"మీకు ఎప్పుడు తెలిసింది?" అని అడిగింది.

"ఎనిమిదికి."

ఆమె గోడ గడియారం వైపు చూసింది. పన్నెండు ముప్పావు. సంచి తీసుకొని పరుగెత్తింది. ఆమె తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆక్సిజన్ పెట్టారు. గుండె పరీక్ష కాగితం చూసి వెంటనే ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఇవి కొన్ని గంటలు మాత్రమే కాపాడతాయని, రక్తం శుభ్రం కావలసిందేనని, ఓడలో ఆ యంత్రం లేదని ఆమె చెప్పింది. కెప్టెన్ వచ్చాడు. ఆ గాలిలో హెలికాప్టరు రాదన్నాడు. తెరిచి ఉన్న రేవుల్లో చేరగలిగింది విశాఖపట్నం ఒక్కటే. అప్పటిదాకా అలలకు ఎదురుగా నెమ్మదిగా నిలదొక్కుకున్న ఓడ, ఇప్పుడు వాటిని పక్క నుంచి తీసుకుంటూ ఉత్తరానికి పరుగెత్తాలి. అందరికీ ఇబ్బంది పెరుగుతుంది. ఆయన రెండు నిమిషాలు పటం చూసి తిప్పమన్నాడు.

ఓడ పక్కకు ఒరగడం మొదలైంది. మావాళ్లు మళ్లీ హాల్లో పోగై, ఎందుకు తిప్పారని కేకలు వేశారు. నేను వాళ్ల ముందు నిలబడి జరిగిందంతా చెప్పాను. ఎవరూ నవ్వలేదు. పుల్లయ్య కుర్చీ గట్టిగా పట్టుకొని కూర్చొని ఉన్నాడు.

"ఏమప్పా," అన్నాడు నాతో, మొదటిసారి సారు అనకుండా, "మంగళవారం గురించి గంటసేపు చెప్తివే. దీని గురించి ఒక్క నిమిసం నోరు తెరవలేకపోతివా?"

తర్వాత ఆయనే లేచి, ఊగుతున్న మెట్ల మీద పాకినట్టు దిగి, సుబ్బరాయుడి పక్కన కూర్చున్నాడు. ఆయన వీపుకు తన భుజం ఆనించి, పడుకోకుండా పట్టుకున్నాడు. తుపానుకు చప్పట్లు కొట్టిన చేతులవే.

విశాఖపట్నం

శనివారం తెల్లవారాక రేవులో అంబులెన్సు సిద్ధంగా ఉంది. స్ట్రెచరు దింపేటప్పటికి సుబ్బరాయుడు మాటలకు బదులివ్వడం లేదు. ఆసుపత్రిలో నేరుగా యంత్రం మీద పెట్టారు. బయట బెంచీ మీద లక్ష్మమ్మ, పుల్లయ్య, నేను. నాలుగు గంటలు అక్కడే కూర్చున్నాం. తర్వాత నర్సు వచ్చి, కళ్లు తెరిచాడని, దాహమంటున్నాడని చెప్పింది. లక్ష్మమ్మ అప్పుడు ఏడ్చింది.

ఏడుపు ఆగాక నేను అడిగాను. "ఆ రోజు మంగళవారం వద్దని ఎందుకన్నావమ్మా? నిజంగా వారం గురించేనా?"

"వారం ఏముండాదన్నా," అంది. "నిజం చెప్తే ఆయన ఇంట్లో నన్ను బతకనీడు. మంగళవారం అంటే ఎవురన్నా ఆగిపోతారు. శానామంది ఆగిపోతారన్నా ఆ మాటకు. నువ్వొక్కడివే ఆగలా."

 

సుబ్బరాయుడు బతికాడు. ఊరికి తిరిగి వచ్చాక కొందరు నన్ను ఆపి, "చూసినావా సారూ మంగళవారం పవరు!" అన్నారు. వాళ్లకు నేను గట్టిగానే జవాబిచ్చాను. అదే మంగళవారం వెయ్యిమంది ఆ ఓడ ఎక్కారు, మరి మంగళగ్రహానికి ఒక్క సుబ్బరాయుడి చిరునామానే దొరికిందా అన్నాను. అతని ప్రాణం మీదికి తెచ్చింది వారం కాదు, నా కలం. మూఢనమ్మకాన్ని ఖండించే పని మానకండి. కాని ఒకటి తెలుసుకోండి. "వద్దు" అనే హక్కు లేని మనిషి వారాన్నో తిథినో పిల్లినో అడ్డం పెట్టుకుంటుంది. పిల్లి మీద చర్చ తర్వాత పెట్టుకోవచ్చు. ముందు ఆ మనిషిని అడగాలి.

శేషయ్య భయపడ్డట్టు కంపెనీ పోలేదు, నేను జైలుకు పోలేదు; ఆయన నన్ను పనిలోంచి తీసేయనూ లేదు. ఫారాలు ఇక నేను నింపనని, ప్రయాణికులతోనే ఒక్కొక్కరితో మాట్లాడి రాయిస్తానని చెప్పాను. "పోలీసు విచారణ" అని ఆయన విసుక్కున్నాడు. కొందరు మా కంపెనీకి రావడం మానేశారు కూడా. మానేయనివ్వండి.

ఇక ఓడల గురించి. ఇప్పటి పెద్ద ఓడను తుపాను సాధారణంగా ముంచదు. ఓడ పక్కకు తప్పుకుంటుంది. మునిగేది తారీఖు. శుక్రవారం దిగుతామన్నది ఆదివారం కావచ్చు, మంగళవారం కావచ్చు. చాలామందికి అది విసుగు మాత్రమే. ఒకరికి ప్రాణం. ఇన్సులిన్ లెక్కపెట్టి తెచ్చుకున్నవాళ్లు ఉంటారు, నెలలు నిండుతున్నవాళ్లు ఉంటారు, డయాలసిస్ మనిషి ఉంటాడు. వాళ్లు తమంతట తాము చెప్పరు. చెబితే ఎక్కనివ్వరని వాళ్లకు తెలుసు.

తుపానుల నెలలు వస్తున్నాయి. మీ బల్ల మీద ఇప్పుడొక పేర్ల జాబితా ఉంది. ఆ జాబితాలో ఉన్న ప్రతి మనిషికీ ఈ రోజే ఫోను చేయండి. మొగుడికి వేరుగా, పెళ్లానికి వేరుగా చేయండి. "మనం నాలుగు రోజులు ఆలస్యంగా తిరిగి వస్తే మీకేమవుతుంది?" అని అడగండి. జవాబు నసిగితే ఫోను పెట్టేయకండి, మళ్లీ అడగండి. ప్రాణం మీదికి వచ్చేవాళ్లు ఒక్కరున్నా వాళ్ల పేరు కొట్టేయండి, వాళ్లు తిట్టినా సరే. తుపాను హెచ్చరిక ఉంటే యాత్రే ఆపేయండి, మిమ్మల్ని పిరికివాళ్లన్నా సరే. ఈ పేజీ మూసి, మొదటి నంబరు నొక్కండి.